బాలలక్ష్మి ఇంట్ల నల్లులు పడ్డయి

మొదాలు దోమలే అనుకుంది బాలలక్ష్మి.

ఎండలు ముదిరే రోజులు. సిద్దిపేటల పగలంత వడగాడ్పు, పొద్దూకినంక గూడ గోడలు సల్లారవు. మోచేతుల కాడ, మెడ మీద మూడేసి దద్దుర్లు వరుసగ లేస్తున్నయి. గోకినకొద్ది ఉబ్బుతున్నయి. కిటికీలకు జాలీ కొట్టిచ్చింది. అయినా పొద్దుగాల లేస్తె కొత్తయి కనిపిస్తున్నయి. మందుల దుకాణమాయన చూసి, "చెమటకాయలే అక్కా, వానలు పడితె పోతయి" అని పూసుకునే మలాం ఒకటి ఇచ్చిండు. వారం దినాలు ఆ మాటనే పట్టుకొని ఉంది.

ఒకనాడు తలకింది మెత్త గలీబు ఇప్పుతుంటె, కుట్టు సందుల నుంచి ఒకటి మెల్లగ నడుచుకుంట బయటికొచ్చింది. మసూరిపప్పంత ఉంది, చింతగింజ రంగు. వేలితోటి నొక్కింది. వేలు ఎర్రగయింది. ఆ వాసన ముక్కుకు తగలంగనే ఆమెకు తెలిసిపోయింది. నల్లి!

బాలలక్ష్మికి నలభై ఎనిమిదేండ్లు. బొంతలు కుడుతది. పాత చీరెలు తెచ్చిస్తె మడతలు పేర్చి, అంచులు కలిపి, చేత్తోటే సన్నటి కుట్లేసి ఇస్తది. ముఖ్యంగ పసిపిల్లల బొంతలకు ఆమె పెట్టింది పేరు. ఆ గల్లీల పుట్టిన పిల్లలు చానమంది ఆమె కుట్టిన బొంతల మీదనే బోర్ల పడ్డరు. అట్లాంటామె ఇంట్ల నల్లులున్నయని తెలిస్తె ఇంకెవరన్న చీరెలిస్తరా?

పెనిమిటి దత్తాత్రి ఇరవై రెండేండ్లు భివండిల బట్ట నేసే సాంచాలు నడిపిండు. యేడాదికి రెండుసార్లు వచ్చేది, పది దినాలుండి పోయేది. ఆడ కార్ఖానా మూతబడితె రేకుపెట్టె ఒకటి పట్టుకొని ఆరు నెలల కిందనే ఇంటికొచ్చిండు. పెండ్లయినంక ఇద్దరు ఇన్ని నెలలు వరుసగ ఒక్క కప్పు కింద ఉండుడు ఇదే మొదలు. ఆయన మాట తక్కువ. ఆమెకు ఆయన పక్కన కూసునుడే ఇంక అలవాటు కాలేదు.

అందుకేనేమో, నల్లిని నొక్కిన వేలు కడుక్కోకముందే ఆమె కండ్లు ఆ రేకుపెట్టె మీదికి పోయినయి.

దత్తాత్రి పాలకు పోయి వచ్చేసరికి ఆయన పెట్టె, దుప్పటి, చాప స్లాబు మీద ఎండల పడి ఉన్నయి.

"ఇదేందే?" అన్నడు.

"నన్నడుగుతున్నవా? నీ పెట్టెనే అడుగు. ఇన్నేండ్లు ఈ ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న, ఒక్క నల్లిని ఎరుగ. నువ్వొచ్చి ఆరు నెలలు కాలే, మెత్తలల్ల నల్లులు పారుతున్నయి. భివండి నుంచి నాకు తెచ్చింది గివ్వేనా?"

దత్తాత్రి పెట్టె దిక్కు ఒకసారి చూసిండు. పాల ప్యాకెట్ ఆమె చేతికిచ్చి, "సరే, నేను స్లాబు మీదనే పండుకుంట తియ్" అన్నడు.

ఆ రోజు నుంచి బాలలక్ష్మి కాలు ఒక్క జాగల నిలువలేదు.

మంచాలు గోడకు నిలబెట్టి సలసల కాగే నీళ్ళు పోసింది. వేపాకు పొగ పెట్టింది. ఫోన్ల చూసి కర్పూరం పొడి చల్లింది. చీమల చాక్‌పీసు తోటి మంచం కోళ్ళ చుట్టూ గీతలు గీసింది. ఒకటి చేసినంక ఇంకోటి యాదికొచ్చేది. అన్నం నిలబడే తినేది. తినుకుంటనే ఇంకో చేత్తోటి పరుపు అంచు తిరగేసేది. సూదిల దారం ఎక్కిచ్చేది, నాలుగు కుట్లు కాకముందే లేచి కిటికీ సందుల ఫోన్ లైటు కొట్టి చూసేది. చీమ పారినా ఉలికిపడేది. ఇంటికొచ్చినోళ్ళను బయట అరుగు మీదనే కూసోబెట్టి, "లోపల ఉక్కపోస్తది, ఈడనే కూసోన్రి" అనేది.

బిడ్డ శైలజ కొండపాక నుంచి ఫోన్ చేసింది.

"అమ్మా, వచ్చే ఆదివారం వస్తున్నం. బుజ్జిదానికి ఈ వేసంగి నీ దగ్గర్నే."

"ఇప్పుడే రాకు బిడ్డా."

"ఏమైందే? బాపుకు పానం బాగలేదా?"

"బాపుకేమైతది? ఇంటికి సున్నమేపిస్తున్న. అయినంక చెప్త."

ఫోన్ పెట్టి మల్ల పరుపు తిరగేసింది. బిడ్డకు అబద్ధం చెప్పుడు ఆమెకు చాతకాదు. ఆ మంట గూడ దత్తాత్రి మీదికే మళ్ళింది. చాయ్ ఇచ్చేటప్పుడు గిలాస టక్కున పెట్టేది. ఆయన తాగి, గిలాస కడిగి బోర్లిచ్చి, మల్ల స్లాబెక్కి పోయేది.

ఇంటి ఓనర్ దేవరాజు పక్క అర్రలల్ల ఉంటడు. మద్దూరు దిక్కు ఆయనకు పత్తి చేనుంది. రోజూ మంచాలు ఎక్కిచ్చుడు దించుడు చూసి ఆయనకు సంగతి అర్థమైంది. ఒకనాడు చిన్న సీసా, మందు కొట్టే పంపు తెచ్చి దత్తాత్రి చేతిల పెట్టిండు.

"పత్తికి కొట్టే మందు. బకెట్ నీళ్ళల్ల ఇన్ని కలిపి, తలుపులు మూసి కొట్టు. నల్లి కాదు, దాని తాత గూడ ఉండడు."

దత్తాత్రి సీసా అటిటు తిప్పి చూసిండు. "ఇంట్ల కొట్టచ్చునా పటేలా?" అన్నడు.

బాలలక్ష్మి వెనక నుంచి అందుకుంది. "ఏదన్న చేస్తవా, చూసుకుంటనే ఉంటవా?"

ఆయన బకెట్ల మందు కలిపిండు. మూతికి తువ్వాల కట్టుకొని లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకున్నడు. పంపు కొట్టే చప్పుడు వినిపిస్తుంది. కొంచెం సేపటికి చప్పుడు ఆగింది. బాలలక్ష్మి తలుపు కొట్టింది. పలుకలేదు. గట్టిగ కొట్టింది. లోపల ఏదో పడ్డ శబ్దం. దేవరాజు ఉరికొచ్చి తలుపు నూకితె గొళ్ళెం ఊడొచ్చింది. దత్తాత్రి గోడకానుకొని కూలబడి ఉన్నడు. నోట్ల నుంచి నురగ లెక్క ఉమ్మి, ఒళ్ళంత చెమట.

ఆటోల ఏసుకొని సర్కారు దవాఖానకు పోయిన్రు. దారి పొడుగున బాలలక్ష్మి ఆయన తలను ఒళ్ళె పెట్టుకొని, "ఏమయ్యా, ఇగో, నన్ను చూడు" అనుకుంటనే ఉంది. ఆ తల ఎంత తేలికగున్నదో ఆమెకు అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ ఒంటి మీది బట్టలు ఇప్పిచ్చి, సబ్బుతోటి కడిగిచ్చి, సూదులిచ్చి సెలైన్ పెట్టింది. తర్వాత బాలలక్ష్మిని పిలిచి కోపం చేసింది.

"చేన్ల కొట్టే మందు మూసిన అర్రల కొడ్తరామ్మా? ఇంకో అరగంట అయితె మనిషి దక్కకపోవు. ఇంటికి పోయి తలుపులు, కిటికీలు బార్ల తెరువుండ్రి. సబ్బునీళ్ళతోటి కడిగి, రెండు మూడు దినాలు లోపల పండకుండ్రి."

తెల్లారి మధ్యాహ్నానికి దత్తాత్రి కండ్లు తెరిచి మంచిగ చూసిండు. బాలలక్ష్మి మంచం పక్కన లేదు. కింద మోకాళ్ళ మీద వంగి దవాఖాన పరుపు అంచులు వేలితోటి తడుముతుంది.

"ఈడగూడనా?" అన్నడాయన. గొంతు బొంగురుపోయింది గని నవ్వుతుండు.

ఆమె లేచి నిలబడ్డది. నవ్వొచ్చింది, ఎంటనే ఏడుపొచ్చింది. కొంగుతోటి ముఖం తుడుచుకుంది.

"నా పెట్టెల లెవ్వే" అన్నడు దత్తాత్రి.

"ఏంది?"

"నల్లులు. నా పెట్టెల లెవ్వు. రేకు నున్నగుంటది, అండ్ల అవి నిలువవు. ఇంకోటి, బయిలెల్లే ముందటి రోజు నా బట్టలన్ని కార్ఖానా బాయిలర్ నీళ్ళల్ల ఉడకబెట్టిన. పాత పరుపు ఆడనే కాలబెట్టి వచ్చిన. నీ ఇంటికి అవి రావద్దని."

బాలలక్ష్మి మంచం అంచున కూసుంది. "మరి ఆ రోజే ఎందుకు చెప్పలే?" అంది.

"చెప్తె నమ్ముతువా?"

ఆమె నిజమే చెప్పింది. "నమ్మకపోదును."

అప్పుడు ఆయన చెప్పుడు మొదలుపెట్టిండు. ఇన్నేండ్లల్ల ఆమె ఎన్నడు వినని ముచ్చట్లు. ఖోలీ అంటె పది అడుగుల అర్ర, అండ్ల పద్నాలుగు మంది. ఏడుగురు పగటి పనికి పోతె, రాత్రి పని చేసొచ్చిన ఏడుగురు అవే పరుపుల మీద పండేటోళ్ళు. పరుపులు సల్లారేటివే కావు, అందుకే నల్లులకు రాత్రనక పగలనక తిండే తిండి. కరెంటు బందున్న రోజు అందరు కలిసి ఖోలీ ఖాళీ చేసి, గోడల సందులు సిమెంటు తోటి మూసి, పరుపులు ఎండేసేటోళ్ళు. అక్కన్నపేట పిలగాడు మహేశ్ పిల్లను చూడనీకి ఇస్త్రీ అంగీ ఏసుకొని పోయిండట. చాయ్ తాగుతుంటె వాని కాలర్ మీద నల్లి పారింది. పిల్ల తల్లి చూసింది. ఆ సంబంధం ఆడికే ఆగిపోయింది. మహేశ్ ఖోలీకొచ్చి అందరిని నవ్విచ్చుకుంట చెప్పిండు గని, రాత్రి ముఖం గోడ దిక్కు పెట్టుకొని పన్నడు.

"నేను పండుగలకు వచ్చినప్పుడు బస్టాండుల దిగంగనే ముందుగాల మంగలాయన కాడికి పోయి తానం చేసి, కొత్త అంగీ ఏసుకొనే ఇంటికొచ్చేది. నువ్వు ఎన్నడు అడగలే."

బాలలక్ష్మి ఆయన చెయ్యి పట్టుకుంది. సెలైన్ సూది గుచ్చిన చెయ్యి. పట్టుకోవాల్నా వద్దా అని ఆలోచించి, వేలికొసలు మాత్రమే పట్టుకుంది.

"నల్లులు నడిచి రావు. ఎవరో ఒకరు మోసుకొస్తరు" అన్నడు దత్తాత్రి. "నేను రాకముందు ఇంటికి పాత సామానేమన్న వచ్చిందా?"

ఆమె అడ్డంగ తల ఊపింది. ఊపుకుంటనే ఆగిపోయింది.

దివాన్!

దసరా దాటినంక, దత్తాత్రి ఇంటికి రాకముందే, బస్టాండు దిక్కు ఒక లాడ్జీ మూసేస్తుంటె సామానంత అమ్మిన్రు. కర్ర దివాన్, మెత్తటి సీటు, వెనక చెక్కిన పలక. ముందటర్రల ఏసుకుంటె ఇంటికి ఎంత కళ వచ్చిందో. వచ్చినోళ్ళకు చూపెట్టుకుంది. దాని మీదనే కాళ్ళు ముడుచుకొని కూసొని బొంతలు కుట్టేది. అన్ని మంచాల మీద కాగే నీళ్ళు పోసింది గని, పాలిష్ పోతదని దివాన్ మీద ఒక్క చుక్క పోయలేదు.

దత్తాత్రి ఇంటికొచ్చినంక మూడు దినాలు ఇద్దరు స్లాబు మీదనే పన్నరు. ఇల్లు కడిగి ఆరిచ్చినంక దివాన్‌ను బయటికి గుంజి బోర్లేసిన్రు. దత్తాత్రి స్క్రూలు ఇప్పి వెనక పలక లేపిండు.

బాలలక్ష్మి ఒకడుగు వెనకకేసింది. పలక వెనకంత మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, ఊడిన పొట్టు, సందులల్ల తెల్లటి గుడ్లు. వెలుగు తగలంగనే అన్ని సైజులయి అటిటు పారినయి. దేవరాజు మందు ఆ పలక వెనకకు పోనేపోలేదు. నల్లులను తెచ్చింది బాలలక్ష్మి తాను ఇష్టపడి కొనుక్కున్న దివానే.

"పాత సామానోనికి ఇద్దామా?" అంది.

"ఇస్తె ఇంకొకరి ఇంట్ల పడుతయి."

ఖాళీ జాగకు మోసుకపోయి కాలబెట్టిన్రు. మంట మండుతుంటె బాలలక్ష్మి మనసుల ఇంకో మంట అంటుకుంది. పోయిన నెల దాని మీద కూసొనే రెండు బొంతలు కుట్టింది. ఒకటి ఇంట్లనే ఉంది. ఇంకోటి రెండు గల్లీల అవతల అమృతమ్మ కోడలు దీక్షితకు ఇచ్చింది. దీక్షిత పాపకు రెండు నెలలు.

"పోయి చెప్పాలె" అంది.

"నేనొస్త పా."

"వద్దు. కుట్టింది నేను."

అమృతమ్మ వాకిట్ల వడియాలు పెడుతుంది. బాలలక్ష్మిని చూసి, "రావే, కూసో. నీ బొంత మీద మా మనుమరాలు ఎంత మంచిగ పంటదో" అంది.

బాలలక్ష్మి కూసోలేదు. కొంగు వేలికి చుట్టుకుంట, ఇప్పుకుంట నిలబడ్డది. "అక్కా, ఒక మాట. మా ఇంట్ల నల్లులు పడ్డయి. నాకు తెల్వక ముందు కుట్టిన బొంత మీకొచ్చింది. దాన్ని తీసెయ్యిండ్రి. పాప పండే పక్కగూడ ఒకసారి చూసుకోండ్రి."

అమృతమ్మ చేతిల పిండి అట్లనే ఉండిపోయింది.

"ఏమన్నవ్?"

బాలలక్ష్మి మల్ల చెప్పింది. రెండోసారి చెప్పుడు మొదటిసారి కంటె కష్టమైంది.

లోపల నుంచి దీక్షిత పాపను ఎత్తుకొని వచ్చింది. "అత్తమ్మా, నేను అనలేదా? చెమటకాయలైతె గిట్ల వరుసగ ఎందుకుంటయి?" అని పాప అంగీ లేపి వీపు చూపెట్టింది. చిన్న వీపు మీద మూడు ఎర్ర చుక్కలు.

అమృతమ్మ గొంతు గల్లీ చివరిదాంక వినిపించింది. "పసిపిల్ల రక్తం తాగిపిచ్చినవు గదే! బొంతలమ్మ, బొంతలమ్మ అని నెత్తి మీద పెట్టుకున్నం. మా కడప తొక్కకు!"

బాలలక్ష్మి అనిపిచ్చుకుంది. దీక్షిత ఏదో చెప్పబోతె చేత్తోటి వారించి తిరిగి నడిచింది. ఎండకు రోడ్డు మెరుస్తుంది. చెప్పులు ఆడనే మరిచిపోయిన సంగతి సగం దూరం పోయినంక తెలిసింది. వెనకకు పోలేదు.

తెల్లారేసరికి అందరికి తెలిసిపోయింది. కుట్టమని ఇచ్చిన చీరెల మూటలు ఒక్కొక్కరు వచ్చి తీసుకపోయిన్రు. కొందరు మూటను కొసలు పట్టుకొని దూరంగ మోసుకపోయిన్రు. దేవరాజు మాత్రం ముఖం దించుకొని, "తప్పు నాది గూడ ఉంది. ఇల్లు ఖాళీ చెయ్యమని నేననను" అన్నడు.

బాలలక్ష్మి శైలజకు ఫోన్ చేసి అంత చెప్పింది. శైలజ "అమ్మా, బాపుకు ఫోనియ్యి" అంది. ఆయన తోటి ఏం మాట్లాడిందో గని, దత్తాత్రి కండ్లు తుడుచుకున్నడు.

ఇగ దత్తాత్రి చెప్పినట్టే పని నడిచింది. ఈ అర్రల సామాను ఆ అర్రకు పోవద్దు. బట్టలన్ని ఉడకబెట్టాలె. ఉడకబెట్టరానియి నల్ల కవర్లల్ల మూతి కట్టి స్లాబు మీద ఎండకు పడెయ్యాలె. మంచం సందులల్ల తడిబట్ట పెట్టి ఇస్త్రీపెట్టె నొక్కితె ఆవిరి లోపలిదాంక పోతది. గోడల పగుళ్ళకు పుట్టీ పెట్టాలె. మంచం కోళ్ళ కింద సబ్బునీళ్ళ గిన్నెలు. పది దినాలకు మల్ల అంతా మొదటి నుంచి చెయ్యాలె, ఎందుకంటె అప్పటికి మిగిలిన గుడ్లు పొదుగుతయి.

"మల్లనా?" అని ఆమె ఉడికిపోయేది. "ఒక్కనాడే తెంపెయ్యాలె!"

"ఒక్కనాటితోటి తెగదే. ఓపిక పట్టు."

ఆమెకు ఓపిక రాలేదు. చేతులు మాత్రం ఆగలేదు. మూడోసారి చేసేటప్పుడు గిన్నెలల్ల ఒక్క నల్లి లేదు. అయినా నమ్మబుద్ధి కాలేదు. తెల్లటి దుప్పటి పరిచి, పొద్దుగాల లేచి అంగుళమంగుళం చూసేది. ఎనిమిది దినాలు దుప్పటి తెల్లగనే ఉంది.

తొమ్మిదోనాడు దీక్షిత ఫోన్ చేసింది.

"ఆంటీ, బొంత తీసేసినం గని మంచం సందులల్ల ఉన్నయి. అంకుల్‌ను ఒకసారి తోలుతరా? అత్తమ్మనే అడగమన్నది."

ఇద్దరు పోయిన్రు. బాలలక్ష్మి కడప బయటనే ఆగింది. అమృతమ్మ ఆమె దిక్కు చూడలేదు. లోపలికి రమ్మనలేదు. దత్తాత్రి మంచం విడదీసి కాగిన నీళ్ళు పోస్తుంటె, మంచం పట్టె ఒకదిక్కు పట్టుకొనేటోళ్ళు లేరు. దీక్షిత చేతుల పాపుంది. అమృతమ్మ ఒక్కతే పట్టుకోలేక ఒరుగుతుంది.

"చూసుకుంట నిలబడ్డవేందే? వచ్చి పట్టు!" అంది అమృతమ్మ.

బాలలక్ష్మి కడప దాటి వచ్చి పట్టింది. పని అయిందాంక ఇడువలేదు. పోయేటప్పుడు అమృతమ్మ మూల నుంచి ఆమె చెప్పులు తీసి ముందట పెట్టి, "నువ్వు చెప్పకపోతె పిల్లకు ఇంక చెమటకాయల మలామే రాస్తుంటిమి" అంది. అంతకు మించి మెత్తగ మాట్లాడుడు ఆమెకు రాదు.

ఆ తర్వాత ఒక్కొక్క ఫోన్ మొదలైంది. మూటలు తీసుకపోయినోళ్ళే. గొంతు తగ్గిచ్చి, "ఎవలకు చెప్పకు గని, మా ఇంట్ల గూడ ఏదో కుడుతుంది" అనేటోళ్ళు. ఆడపిల్లల హాస్టల్ నడిపే కృప మేడమ్ అయితె పిల్లలు కాలేజీకి పోయినంక పెరటి తలుపు నుంచి రమ్మంది. దత్తాత్రి ఎవ్వరి సంగతి ఎవ్వరికి చెప్పలేదు. ఆయన మాట తక్కువతనం అప్పుడు పనికొచ్చింది. బాలలక్ష్మి ఇస్త్రీపెట్టె పట్టుకొని ఆయన వెంట పోయేది. సగం రోజు ఈ పని, సగం రోజు బొంతలు. బొంతలకు మునుపటంత గిరాకీ ఇంకా రాలేదు. కుట్టే చీరె ఏదైనా ముందుగాల ఉడకాల్సిందేనని ఇప్పుడు మొఖం మీదనే చెప్తది. కొందరికి కోపమొస్తది.

వానలు పడ్డంక ఒకనాడు ఇద్దరు బిడ్డ దగ్గరికి బయిలెల్లిన్రు. కొండపాక బస్సుల జాగ దొరికింది. బాలలక్ష్మి కూసోలేదు. సీటు రెక్సిన్ చినిగిన కాడ వేలు పెట్టి, ఫోన్ లైటు కొట్టి చూస్తుంది. వెనకాయన వింతగ చూసిండు.

"లెవ్వే, కూసో" అన్నడు దత్తాత్రి.

కూసుంది. ఆయన భుజానికి తల ఆనిచ్చింది. దుద్దెడ కాడ బస్సు ఆగంగనే లేచి, కూసున్న జాగను కొంగుతోటి దులిపి, మల్ల కూసుంది.